‘ఒక్కసారిగా’ సీరియస్ అవుతున్నారా? బీపీ పడక ముందే నర్సు కంట పడాల్సినవి

“పొద్దున బాగానే మాట్లాడారు. మధ్యాహ్నానికి ఒక్కసారిగా సీరియస్ అయిపోయారు.” ఆసుపత్రి వార్డుల్లో తరచూ వినబడే మాట ఇది. బంధువులే కాదు, సిబ్బంది కూడా ఇదే అంటుంటారు. కేసు షీటు మాత్రం చాలాసార్లు ఆ ‘ఒక్కసారిగా’ను ఒప్పుకోదు. 1990లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆసుపత్రిలో ఉండగానే గుండె ఆగిన 64 మంది చార్టులు వెనక్కి తిరగేశారు. వారిలో 54 మంది విషయంలో అంతకు ముందు 8 గంటల్లోనే పరిస్థితి దిగజారుతున్న ఆనవాళ్లు, లేదా రోగి కొత్తగా చెప్పిన ఇబ్బందులు రాసే ఉన్నాయి. సమాచారం కాగితం మీద ఉంది. దాన్ని కలిపి చదివినవారు లేరు.

క్లుప్తంగా: అత్యవసర వ్యాధి ఏదైనా శరీరం మొదట సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు వల్లే బీపీ చాలాసేపు మామూలుగా కనిపిస్తుంది. ఊపిరి లెక్క, పల్స్, చర్మం, మూత్రం, స్పృహ అంతకంటే ముందే మారతాయి. రోగనిర్ధారణ తేలకపోయినా ప్రాణానికి త్వరగా ముప్పు తెచ్చేదాన్ని ముందు చూడటం, ఆ మార్పులను వరుసగా గమనించడం, గడువులోగా పైవారికి చేరవేయడం నర్సింగ్ పరిశీలనలో అసలు పని. ఇక్కడి అంకెలు పెద్దవారికి వర్తించేవి. మందులు, మోతాదులు డాక్టర్ ఆర్డర్, ఆసుపత్రి ప్రొటోకాల్ ప్రకారమే.

## బీపీని శరీరం ఎలా నిలబెడుతుంది

బీపీ రెండిటి మీద ఆధారపడుతుంది: గుండె నిమిషానికి పంపే రక్తం, రక్తనాళాల బిగుతు. రక్తం పోయినా, వాంతులు విరేచనాలతో నీరు పోయినా గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గుతుంది. మెడలోని కెరోటిడ్ ధమని, ఛాతీలోని బృహద్ధమని గోడల్లో ఉండే బేరోరిసెప్టర్లు (పీడనాన్ని పసిగట్టే నాడుల కొసలు) దాన్ని సెకన్లలో పసిగడతాయి. వెంటనే సింపథెటిక్ నాడులు గుండె వేగం పెంచుతాయి. చర్మం, పేగులు, కిడ్నీలకు వెళ్లే నాళాలను బిగిస్తాయి. మెదడుకు, గుండెకు రక్తం అందుతూనే ఉంటుంది. మానిటర్ మీద పై అంకె కదలదు.

దీనికి మూల్యం వేరేచోట కనిపిస్తుంది. చేతులు చల్లబడతాయి, అరచేయి పాలిపోతుంది, మూత్రం తగ్గుతుంది, దాహం వేస్తుంది, మనిషి స్థిమితంగా పడుకోలేడు. 70 కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే 750 మి.లీ. దాకా పోయినా పెద్దగా తేడా తెలియకపోవచ్చు. 15 నుంచి 30 శాతం మధ్యలో పల్స్ 100 దాటుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. నాళాలు బిగిసినందువల్ల కింది అంకె కాస్త పెరిగి, రెండు అంకెల మధ్య దూరం తగ్గుతుంది. 120/76 ఉన్నది 116/90 అవుతుంది. పై అంకె స్పష్టంగా పడేది 30 శాతం దాటాక. అంటే పడుకున్న రోగికి బీపీ పడే సమయానికి లీటరున్నర రక్తం పోయి ఉండొచ్చు.

ఈ లెక్క అందరికీ ఒకేలా పనిచేయదు. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ వాడేవారిలో పల్స్ పెరగదు. రక్తం పోతున్నా 78 దగ్గరే ఉండొచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారిలోనూ అంతే. రోజూ 170 ఉండే పెద్దాయనకు 112 అంటే మామూలు కాదు, పడిపోవడమే. అందుకే అడ్మిషన్ రోజు అంకెతోనో, పాత చీటీతోనో పోల్చి చూడాలి. యువకులు, పిల్లలు ఎక్కువసేపు తట్టుకుంటారు. పడినప్పుడు మాత్రం నిమిషాల్లో పడతారు. ‘ఒక్కసారిగా’ అన్న మాట ఎక్కువగా పుట్టేది వీరి విషయంలోనే.

## అందరూ 20 రాసే గడి

చార్టులో అన్నిటికంటే తక్కువ నిజాయితీతో నిండేది ఊపిరి లెక్క గడి. వరుసగా పది మంది రోగులకు 18, 20, 18, 20 అని కనిపిస్తే, లెక్కించి రాసినవి కావని అనుమానించాల్సిందే. పల్స్, బీపీ, రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని చెప్పే సాచురేషన్‌లకు యంత్రం ఉంది. దీనికి మాత్రం గడియారం చూస్తూ ఒక నిమిషం నిలబడాలి.

ఆ ఒక్క నిమిషానికి అంత విలువ ఎందుకంటే, వేర్వేరు దారుల్లో వచ్చే జబ్బులన్నీ ఇక్కడ బయటపడతాయి. ఆక్సిజన్ తగ్గినా, రక్తంలో ఆమ్లం పెరిగినా, జ్వరం వచ్చినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ఊపిరి వేగం పెరుగుతుంది. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం), డయాబెటిక్ కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పెరగడం), ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ, లోపలి రక్తస్రావం... వీటన్నిటికీ ఇది ఉమ్మడి ఆనవాలు.

లెక్కించే పద్ధతిలో చిన్న కిటుకు ఉంది. “ఊపిరి లెక్కపెడుతున్నాను” అని చెబితే రోగి ఊపిరి మీద ధ్యాస పెడతాడు, లెక్క మారిపోతుంది. పల్స్ చూసిన వేళ్లు మణికట్టు మీదే ఉంచి, చూపు ఛాతీ మీదికి మార్చి, పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టాలి. దుప్పటి మందంగా ఉంటే తీయాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊపిరి తప్పినా లెక్కలో 4 తేడా వస్తుంది. 18కీ 22కీ మధ్య తేడా అదే. ఒకటి మామూలు, రెండోది హెచ్చరిక.

అంకెతో పాటు శ్రమ కూడా చూడాలి. వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నారా, రెండు మూడు మాటలకే ఆగుతున్నారా? మెడ కండరాలు లేస్తున్నాయా? ముందుకు వంగి చేతుల మీద ఆనుకుని కూర్చున్నారా? 97 శాతం సాచురేషన్‌తో నిమిషానికి 32 సార్లు ఊపిరి తీస్తున్న రోగి బాగున్నట్టు కాదు. ఆ 97ను నిలబెట్టడానికి ఎంత కష్టపడుతున్నాడో ఆ 32 చెబుతోంది.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒక్క సంగతే చెబుతుంది: ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ఆక్సిజన్ అంటుకుని ఉందో. హిమోగ్లోబిన్ 5 గ్రాములే ఉన్నా 99 చూపించగలదు. పొగ పీల్చి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రోగికీ మామూలు అంకే చూపుతుంది, ఎందుకంటే మామూలు ఆక్సీమీటర్ ఆ రెండిటికీ తేడా పట్టలేదు. చల్లబడ్డ వేలు, ముదురు రంగు గోళ్ల పాలిష్ రీడింగును చెడగొడతాయి. చర్మం ఛాయ ముదురుగా ఉన్నవారిలో ఉన్నదానికంటే ఎక్కువ చూపే ధోరణి ఉందని 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనం బయటపెట్టింది. అన్నిటికంటే ముఖ్యంగా, కార్బన్ డయాక్సైడ్ గురించి ఇది ఏమీ చెప్పదు. మార్ఫిన్ ఎక్కువైన రోగికి ఆక్సిజన్ నడుస్తుంటే, ఊపిరి నిమిషానికి 7కు దిగినా సాచురేషన్ 98 ఉండొచ్చు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు ముదురుతుంటుంది. దీనికి విరుగుడైన నలోక్సోన్ ఇచ్చాక కూడా నిశ్చింత లేదు. మార్ఫిన్ లాంటి చాలా ఓపియాయిడ్ల కంటే దాని ప్రభావం ముందే తీరిపోతుంది కాబట్టి రోగి మళ్లీ మత్తులోకి జారవచ్చు.

## అంకెలను కలిపి చదివితే

విడివిడిగా చూస్తే ప్రతి అంకె “కొంచెం అటూ ఇటూ” అనిపిస్తుంది. ఆ చిన్న తేడాలను కూడేందుకే వార్నింగ్ స్కోర్లు పుట్టాయి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్-2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) వాటిలో బాగా వాడుకలో ఉన్నది. ఊపిరి లెక్క, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, జ్వరం... ఒక్కోదానికి 0 నుంచి 3 పాయింట్లు. ఆక్సిజన్ పెట్టి ఉంటే దానికే 2. గర్భిణులకు, 16 ఏళ్లలోపు వారికి ఈ స్కోరు వాడకూడదు.

న్యుమోనియాతో చేరిన ఒక రోగి చార్టును ఉదాహరణగా తీసుకుందాం. ఆక్సిజన్ పెట్టలేదు, స్పృహ బాగుంది.

ఉదయం 6: ఊపిరి 18, సాచురేషన్ 96, బీపీ 128/76, పల్స్ 88, జ్వరం 37.6 డిగ్రీల సెల్సియస్. స్కోరు 0.

ఉదయం 10: ఊపిరి 22, సాచురేషన్ 95, బీపీ 122/70, పల్స్ 98, జ్వరం 38.2. స్కోరు 5.

మధ్యాహ్నం 2: ఊపిరి 26, సాచురేషన్ 93, బీపీ 112/62, పల్స్ 114, జ్వరం 38.4. స్కోరు 8.

మధ్యాహ్నం 2 గంటల స్కోరును విడదీస్తే ఊపిరికి 3, సాచురేషన్‌కు 2, పల్స్‌కు 2, జ్వరానికి 1. బీపీకి మూడు సార్లూ సున్నాయే. బీపీ గడి ఒక్కటే చూసుకుంటూ వెళ్లినవారికి ఈ రోగి రోజంతా బాగానే ఉన్నట్టు. నిజానికి 10 గంటలకే డాక్టర్ వచ్చి చూడాల్సిన గీత దాటాడు. 5 లేదా 6 వస్తే కనీసం గంటకోసారి చూడాలి, డాక్టర్‌ను అత్యవసరంగా పిలవాలి. 7, ఆపైన వస్తే నిరంతర మానిటరింగ్, క్రిటికల్ కేర్ అనుభవం ఉన్న బృందం కావాలి. మొత్తం తక్కువే ఉన్నా ఏదో ఒక్క గడిలో 3 వస్తే అది కూడా గంట గంటకూ చూడాల్సిన కేసే.

స్పృహ గడిలో 2017లో చేరిన ‘కొత్తగా వచ్చిన తికమక’కు నేరుగా 3 పాయింట్లు. నిన్న మనవడి పేరు చెప్పిన పెద్దావిడ ఈరోజు ఇది ఇల్లే అనుకుంటుంటే, “వయసు మీద పడింది కదా” అని వదిలేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఎప్పటి నుంచి ఇలా ఉన్నారో తెలుసుకోవాలంటే పక్కనున్న బంధువును అడగడమే దారి.

## వరుస ఎందుకు మారకూడదు

గాలి దారి, ఊపిరి, రక్తప్రసరణ, మెదడు, ఒళ్లంతా చూడటం. ఏ-బీ-సీ-డీ-ఈ అని అందరికీ కంఠతా వచ్చేదే. ఆ వరుసను ప్రాణం పోయే వేగం నిర్ణయించింది. గాలి దారి పూర్తిగా మూసుకుంటే నిమిషాల వ్యవధే. ఒక మెట్టు దగ్గర లోపం కనబడితే సరిచేశాకే తర్వాతి మెట్టు. సరిచేశాక మళ్లీ మొదటి నుంచి చూడాలి.

గురక లాంటి శబ్దం వస్తుంటే నాలుక వెనక్కి పడుతోందని అర్థం. గడ్డం ఎత్తితే తగ్గుతుంది. గరగర శబ్దం వస్తే సక్షన్. శ్వాస లోపలికి తీసేటప్పుడు కీచుమంటే పై గాలి దారి వాస్తోందని, ఆలస్యం కూడదని. రక్తప్రసరణ దగ్గర గోరు నొక్కి చూసే పరీక్షను తొందరలో చెడగొడుతుంటారు. వేలిని గుండె ఎత్తులో ఉంచి 5 సెకన్లు నొక్కి వదలాలి, రంగు 2 సెకన్లలో తిరిగి రావాలి. మెదడు దగ్గర స్పృహ, కంటిపాపలతో పాటు షుగర్ కూడా చూడాలి. ఒంటి మీద దద్దుర్లు, కాలి వాపు, పక్క తడిపిన నల్లటి విరేచనం చివరి మెట్టులో బయటపడతాయి.

## ఆక్సిజన్: ఒకరికి మేలు, ఒకరికి కీడు

ఆయాసంతో ఎవరు వచ్చినా మాస్కు పెట్టి 10 లీటర్లు తిప్పేయడం పాత అలవాటు. ప్రాణాపాయంలో ఉన్న రోగికి అది సబబే. మిగతావారికి ఆక్సిజన్ కూడా మోతాదు చూసి ఇవ్వాల్సిన మందు. మామూలుగా 94–98 శాతం లక్ష్యం. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ముప్పు ఉన్నవారికి 88–92.

సీఓపీడీలో ఎక్కువ ఆక్సిజన్ ఎందుకు ముంచుతుందన్న దానికి “ఊపిరి తీసే ప్రేరణ పోతుంది” అన్న వివరణే ఎక్కువగా చెబుతారు. అది చిన్న భాగం మాత్రమే. గాలి సరిగా ఆడని ఊపిరితిత్తి భాగాలకు రక్తం వెళ్లకుండా నాళాలు బిగుసుకుని ఉంటాయి. ఆక్సిజన్ పోయగానే ఆ బిగింపు సడలి, రక్తం పనికిరాని చోటికి మళ్లుతుంది. దానికితోడు ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ తాను మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. రక్తంలో అది పెరిగి మత్తు వస్తుంది. 2010లో టాస్మేనియాలో అంబులెన్సుల్లో చేసిన పోలికలో ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చిన వర్గంలో మరణాలు 9 శాతం, సాచురేషన్ చూసి కొలిచి ఇచ్చిన వర్గంలో 4 శాతం. ఇలా మత్తులోకి జారుతున్న రోగికి ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేస్తే సాచురేషన్ మునుపటి కంటే కిందికి పడుతుంది. ఆక్సిజన్ శాతాన్ని స్థిరంగా ఉంచే 24 లేదా 28 శాతం వెంచురి మాస్కుకు మార్చి మెల్లగా దించాలి. మామూలు ఫేస్ మాస్కును మాత్రం 5 లీటర్ల కంటే తక్కువకు దించకూడదు. వదిలిన గాలినే మళ్లీ పీల్చే పరిస్థితి వస్తుంది.

ఆస్తమా దీనికి ఎదురు. అక్కడ ఆక్సిజన్‌కు వెనకాడనక్కర్లేదు. నెబులైజర్ కూడా ఆక్సిజన్‌తోనే, కనీసం 6 లీటర్లతో నడపాలి. మోసపోయేది ఆనవాళ్ల దగ్గర. తీవ్రమైన దాడిలో రోగి వేగంగా ఊపిరి తీస్తాడు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉండాలి. రిపోర్టులో అది 40 అని ‘నార్మల్’గా వస్తే కండరాలు అలసిపోతున్నాయని, ప్రాణాపాయ దశ అని అర్థం. పిల్లికూతలు ఆగిపోవడమూ అంతే: గాలి లోపలికి వెళ్లకపోతే శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది? ఊపిరి లెక్క 36 నుంచి 20కి దిగినప్పుడు ముఖం చూడాలి. తేటగా మాట్లాడుతుంటే తగ్గినట్టు. కళ్లు మూసుకుపోతుంటే వెంటిలేటర్ సిద్ధం చేయాల్సినట్టు.

గుండెపోటులో సాచురేషన్ 90 కంటే తక్కువ ఉంటేనే ఆక్సిజన్. స్వీడన్‌లో 6,600కు పైగా రోగులతో జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, సాచురేషన్ బాగున్నవారికి ఆక్సిజన్ ఇచ్చినా మరణాలు తగ్గలేదు.

## సెప్సిస్, రక్తస్రావం: రెండు షాకులు, రెండు ముఖాలు

అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితిని షాక్ అంటారు. రక్తం పోయినప్పుడు నాళాలు బిగుసుకుంటాయని చూశాం. సెప్సిస్‌లో జరిగేది తిరగబడిన కథ. ఇన్‌ఫెక్షన్‌కు స్పందనగా నాళాలు వదులవుతాయి, వాటి గోడల నుంచి ద్రవం కారుతుంది. అందుకే తొలి దశలో చేతులు వెచ్చగా ఉంటాయి, కింది అంకె ముందు పడుతుంది, రెండు అంకెల మధ్య దూరం పెరుగుతుంది.  చేయి వెచ్చగా ఉందని షాక్ లేదనుకోవడం పొరపాటు. జ్వరం లేదని సెప్సిస్ కాదనుకోవడం కూడా. వృద్ధుల్లో ఒళ్లు 36 కంటే తక్కువకు చల్లబడటమే చెడ్డ సూచన.

సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2021 మార్గదర్శకాల ప్రకారం షాక్ ఉన్నా, సెప్సిస్ అనడానికి బలమైన ఆధారం ఉన్నా యాంటీబయాటిక్ గంటలోపు పడాలి. ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవుల కోసం పరీక్ష), కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే లాక్టేట్‌కు రక్తం తీయాలి. నరం దొరకడం ఆలస్యమైతే కల్చర్ కోసం మందు ఆపకూడదు. బీపీ పడినా, లాక్టేట్ పెరిగినా మొదటి 3 గంటల్లో కిలోకు 30 మి.లీ. చొప్పున సెలైన్ లేదా రింగర్ లాక్టేట్. 60 కిలోల మనిషికి 1,800 మి.లీ. అవుతుంది. సగటు ధమని పీడనం 65 లక్ష్యం. మూత్రం కిలోకు గంటకు అర మి.లీ., అంటే ఇదే మనిషికి 30 మి.లీ. ద్రవం ఒకేసారి వదిలేసి వెళ్లిపోకుండా ప్రతి 500 మి.లీ.కి ఊపిరి లెక్కపెట్టి, ఊపిరితిత్తుల అడుగున చిటపట శబ్దం మొదలైందేమో వినాలి.

గంట గడువు తప్పేది చాలావరకు మందు దొరక్క కాదు. ఆర్డర్ 10:20కి రాస్తే, మందుల రౌండ్ మధ్యాహ్నం 2కు కాబట్టి మొదటి డోసు ఆ గడిలోకి వెళ్లిపోతుంది. ‘ఇప్పుడే, ఒక డోసు’ అని విడిగా రాయించుకుంటే ఆ మూడున్నర గంటలు మిగులుతాయి.

రక్తస్రావంలో తొలి పని రెండు లావు కాన్యులాలు (నరంలో పెట్టే గొట్టాలు), 16 లేదా 18 గేజీవి. గేజీ అంకె తగ్గేకొద్దీ గొట్టం లావు. గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, పొడవు పెరిగితే తగ్గుతుంది. 20 గేజీలో నిమిషానికి సుమారు 60 మి.లీ. వెళితే 16 గేజీలో దాదాపు మూడింతలు వెళుతుంది. చేతికి పెట్టిన పొట్టి లావు కాన్యులా, మెడకు పెట్టిన పొడవాటి సెంట్రల్ లైన్ కంటే వేగంగా ద్రవం అందించేది ఇందుకే. తొలి హిమోగ్లోబిన్ రిపోర్టును నమ్మి ఊరుకోకూడదు. రక్తం మొత్తంగా పోతోంది కాబట్టి మిగిలిన రక్తంలో గాఢత మారదు. ఒంట్లోని నీరు నాళాల్లోకి చేరాకో, సెలైన్ ఎక్కించాకో గాని అంకె పడదు. తారులా నల్లటి విరేచనం, పల్స్ 112, హిమోగ్లోబిన్ 12.4 అన్న కలయికలో మొదటి రెండిటి మాటే వినాలి.

## షుగర్ రెండు అంచులు

డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో షుగర్ 480 అని చూడగానే చేయి ఇన్సులిన్ వైపు వెళుతుంది. వరుస అది కాదు. ముందు ద్రవం, తర్వాత పొటాషియం రిపోర్టు, ఆ తర్వాత ఇన్సులిన్. ఆమ్లం పెరిగి, ఇన్సులిన్ లేక కణాల్లోని పొటాషియం రక్తంలోకి వచ్చి, మూత్రంలో కొట్టుకుపోతూ ఉంటుంది. ఒంట్లో నిల్వ తరిగిపోయినా రిపోర్టులో మామూలుగానో ఎక్కువగానో కనిపిస్తుంది. ఇన్సులిన్ పడగానే ఉన్నది కాస్తా కణాల్లోకి వెళ్లి గుండె లయ తప్పవచ్చు. అందుకే పొటాషియం 3.5 కంటే తక్కువ ఉంటే ముందు దాన్ని సరిచేసి, తర్వాతే ఇన్సులిన్ మొదలుపెడతారు. పొటాషియం క్లోరైడ్‌ను ఎప్పుడూ నేరుగా సిరంజితో నరంలోకి నెట్టకూడదు. కలిపి, పంపు మీద, చేతి నరంలో సాధారణంగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు.

ఇన్సులిన్ గంటకు కిలోకు 0.1 యూనిట్. ప్లాస్టిక్ గొట్టం గోడలకు ఇన్సులిన్ అంటుకుంటుంది కాబట్టి కలిపిన ద్రవంలో సుమారు 20 మి.లీ. గొట్టం గుండా పోనిచ్చాకే రోగికి కలపాలి. షుగర్ 250కి దిగాక డ్రిప్ ఆపేయడం తరచూ జరిగే తప్పు. ఇన్సులిన్ ఆపాల్సింది కీటోన్లు, ఆమ్లం తగ్గాక. షుగర్ దిగితే డెక్స్‌ట్రోజ్ కలిపి ఇన్సులిన్ కొనసాగిస్తారు. నరంలోకి ఇచ్చిన ఇన్సులిన్ ప్రభావం నిమిషాల్లో తీరిపోతుంది. అందువల్ల చర్మం కింద ఇచ్చే, ఎక్కువసేపు పనిచేసే బేసల్ డోసు పడ్డాక గంట, రెండు గంటలు ఆగి డ్రిప్ తీస్తారు. ఈ రోగి లోతుగా, వేగంగా తీసే ఊపిరి కూడా ఆమ్లాన్ని బయటికి పంపే సర్దుబాటే. దాన్ని ఆందోళన అనుకుని మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఆ దారి మూసినట్టే.

రెండో అంచున షుగర్ 70 కంటే తగ్గడం. మింగగలిగితే 15–20 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. నరంలోకి 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఎక్కిస్తే 25 గ్రాములు అందుతాయి. లైన్ దొరకకపోతే గ్లూకగాన్ 1 మి.గ్రా. కండకు. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రల వల్ల పడిన షుగర్ ఒకసారి పెరిగి ఊరుకోదు, గంటల తరబడి మళ్లీ మళ్లీ పడుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవారిలో మరీనూ. లేచి కూర్చున్నాడని ఇంటికి పంపడం ఇక్కడ పనికిరాదు.

## గడియారంతో పోటీ: పక్షవాతం, గుండెపోటు

మూతి వంకర, చేయి జారడం, మాట ముద్దగా రావడం కనబడితే ముందుగా షుగర్ చూడాలి, ఎందుకంటే తక్కువ షుగర్ పక్షవాతాన్ని అచ్చంగా అనుకరించగలదు. తర్వాత అడగాల్సిన ప్రశ్న “ఎప్పుడు మొదలైంది” కాదు, “చివరిసారి బాగా ఉండగా ఎవరు, ఎన్ని గంటలకు చూశారు” అని. రాత్రి 10కు బాగానే పడుకుని తెల్లవారి 6కు లేచేసరికి చేయి పడిపోయి ఉంటే గడియారం రాత్రి 10 నుంచే నడుస్తున్నట్టు లెక్క. గడ్డను కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటల గడువు. ఆ మందు ఆల్టెప్లేస్ అయితే మోతాదు కిలోకు 0.9 మి.గ్రా., గరిష్ఠం 90. కాబట్టి బరువు అంచనా వేసి చెప్పకుండా తూచి చెప్పాలి.

ఇక్కడ ఎక్కువ బీపీ కూడా సర్దుబాటే. గడ్డ చుట్టూ చావుబతుకుల్లో ఉన్న మెదడు భాగానికి పక్కదారుల్లో రక్తం తోయడానికి శరీరం పీడనం పెంచుతుంది. కరిగించే మందు ఇవ్వని రోగిలో సాధారణంగా 220/120 దాటే వరకు దించరు. మందు ఇవ్వాలంటే మాత్రం 185/110 లోపు, ఇచ్చాక 24 గంటలు 180/105 లోపు ఉండాలి. ఆ 24 గంటల్లో బీపీ, స్పృహ పరీక్షలు మొదటి 2 గంటలు ప్రతి 15 నిమిషాలకు, తర్వాత 6 గంటలు అరగంటకోసారి, ఆపైన గంటకోసారి. మందు నడుస్తుండగా కొత్తగా తలనొప్పి, వాంతి, స్పృహ తగ్గడం కనిపిస్తే డ్రిప్ అక్కడికక్కడే ఆపి పిలవాలి. మింగే పరీక్ష అయ్యేదాకా గుక్కెడు నీళ్లు, మాత్ర కూడా నోటికి వద్దు.

ఛాతీ నొప్పికి 10 నిమిషాల్లో ఈసీజీ. మధుమేహులు, వృద్ధులు, మహిళల్లో నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, కడుపులో వికారం మాత్రమే ఉండొచ్చు. నాలుక కింద నాళాలను వదులు చేసే నైట్రేట్ మాత్ర పెట్టే ముందు మూడు చూడాలి: పై బీపీ 90 పైన ఉందా, అంగస్తంభన మాత్రలైన సిల్డెనాఫిల్ 24 గంటల్లో లేదా టడలాఫిల్ 48 గంటల్లో వేసుకున్నారా, గుండె కింది గోడ పోటైతే కుడి జఠరిక కూడా దెబ్బతిందా. మూడోదానికి ఛాతీ కుడి వైపు పెట్టే వీ4ఆర్ అనే ఈసీజీ లీడ్ కావాలి. కుడి జఠరిక దెబ్బతిన్న గుండె వెనక్కి వచ్చే రక్తం మీదే బతుకుతుంది. నైట్రేట్ దాన్నే తగ్గిస్తుంది.

## అనాఫిలాక్సిస్‌లో కూర్చోబెట్టడం

అనాఫిలాక్సిస్ అంటే ఒళ్లంతటినీ చుట్టేసే తీవ్రమైన అలర్జీ. ఇక్కడ మందు గురించి వివాదం లేదు: అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, అంటే 1:1000 ద్రావణం అర మి.లీ., తొడ బయటి వైపు కండకు. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. అలర్జీ మందు ఎవిల్, స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ ముందు ఇచ్చి చూద్దామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. అవి దద్దుర్లకు, దురదకు పనికొస్తాయి గాని వాస్తున్న గొంతునూ పడుతున్న బీపీనీ ఆపలేవు. అంతగా తెలియని ప్రమాదం రోగి భంగిమలో ఉంది. నాళాలు వదులై రక్తం కాళ్లలో నిలిచినప్పుడు ఒక్కసారిగా కూర్చోబెడితే, నిలబెడితే గుండెకు రక్తం అందక ఆగిపోవచ్చు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసం మరీ ఎక్కువగా ఉంటే తలవైపు కొంచెం ఎత్తి, కాళ్లు చాపి ఉంచాలి. బాత్రూమ్‌కు నడిపించడం అసలే వద్దు.

## ఫోన్‌లో ఏం చెప్పాలి

గమనించినది డాక్టర్ చెవిన పడే దగ్గర ఎక్కువ నష్టం జరుగుతుంది. “సార్, పేషెంట్‌కు కొంచెం ఆయాసంగా ఉంది, ఒకసారి వస్తారా” అంటే “వస్తాను, చూస్తుండండి” అన్న జవాబే వస్తుంది. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన ఎస్‌బార్ పద్ధతి ఈ మాటను నాలుగు ముక్కలు చేస్తుంది: ఇప్పుడు ఏమైంది, వెనకటి సంగతి, మన అంచనా, మనకు కావలసింది. పైన చూసిన న్యుమోనియా రోగికి అది ఇలా ఉంటుంది:

“సార్, మెడికల్ వార్డు 12వ బెడ్. న్యూస్ స్కోరు 8, పొద్దున 6కు సున్నా ఉండేది. నిన్న న్యుమోనియాతో చేరారు. ఊపిరి 26, సాచురేషన్ 93, పల్స్ 114, బీపీ 112/62, నాలుగు గంటల్లో మూత్రం 80 మి.లీ. సెప్సిస్ అనుకుంటున్నాను. మీరు వెంటనే వచ్చి చూడాలి. ఈలోగా కల్చర్, లాక్టేట్ తీయమంటారా, ఫ్లూయిడ్ ఎంత ఇవ్వమంటారు?”

నాలుగో ముక్క దగ్గరే చాలామంది ఆగిపోతారు; పెద్ద డాక్టర్‌కు మనం చెప్పడమేమిటన్న జంకు. రమ్మన్న మాట సూటిగా లేకపోతే మిగతా మూడూ వార్తలుగా మిగులుతాయి. ఎన్ని నిమిషాల్లో వస్తారో అడిగి, ఆ సమయం చార్టులో రాసి, దాటితే తర్వాతి స్థాయి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఇచ్చిన ఆర్డర్‌ను రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. మోతాదులు సాధారణంగా ఇంగ్లీషు అంకెల్లోనే చెబుతారు. గోల మధ్య ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ తేడా వినబడదు కాబట్టి “ఒకటి, అయిదు... పదిహేనా సార్?” అని అంకెలు విడదీసి అడిగి, అవునన్నాకే సిరంజి అందుకోవాలి.